మిషన్ నేర్పిన ఆట

భీమేశ్వరరావుకి టేబుల్ టెన్నిస్ రాదు. ఈ సంగతి ముందే చెప్పెయ్యడం మంచిది. ఎందుకంటే తొంభై తొమ్మిదో సంవత్సరంలో ఆయనతో పది నిమిషాలు మాట్లాడినవాళ్ళెవరైనా, ఈయన కుర్రతనంలో రాష్ట్రానికి ఆడి ఉంటాడనే అనుకునేవారు. టాప్‌స్పిన్ అనేవాడు, బ్యాక్‌హ్యాండ్ అనేవాడు, మోచెయ్యి ఎంత వంగాలో, ఎప్పుడు వంగాలో కూడా చెప్పేవాడు. బ్యాటు చేతికిస్తే మాత్రం అప్పడాల కర్ర పట్టుకున్నట్టు పట్టుకునేవాడు.

ఆడేది ఆయన కూతురు నీహారిక. ఇంటర్ చదువుతోంది. చదువులో ఫరవాలేదు, ఆటలో గట్టిది. రాష్ట్ర జూనియర్ జట్టులోకి నలుగురు అమ్మాయిల్ని తీసుకుంటారు. రెండేళ్ళు వరసగా ఆ పిల్ల ఐదో స్థానంలో ఆగిపోయింది. మొదటి ఏడాది ఏడ్చింది, రెండో ఏడాది ఏడవలేదు. వయసు లెక్క ప్రకారం జూనియర్లలో ఆడడానికి ఇదే ఆఖరి అవకాశం. అక్టోబరులో ట్రయల్స్. ఆ నాలుగో చోటు తప్ప ప్రపంచంలో మరేదీ అక్కర్లేదన్నట్టు ఉండేది.

కాకినాడ నుంచి బదిలీ మీద వచ్చిన భీమేశ్వరరావు కుటుంబం కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో స్థిరపడి పన్నెండేళ్ళు. ఆయన కరెంటాఫీసులో మీటర్లు పరీక్షించే విభాగంలో పనిచేస్తాడు. మీటరు చెవి దగ్గర పెట్టుకుని దాని రొదని బట్టి లోపం ఎక్కడుందో చెప్పగలనని ఆయన గర్వం. చెప్పగలడు కూడా. మనుషుల దగ్గరికొచ్చేసరికే ఆ చెవి పనిచేసేది కాదు.

నీహారిక ఆట నేర్చుకున్నది మూసాపేటలో. అక్కడ చర్చి వెనక రేకుల షెడ్డులో రెండు బల్లలు వేసి, బడిలో డ్రిల్లు మాస్టరుగా చేసే మోషే పిల్లలకి ఆట నేర్పేవాడు. ఆ షెడ్డులో అమ్మాయిలు తక్కువ. ఉన్నవాళ్ళు కూడా నీహారిక దెబ్బకి నిలిచేవాళ్ళు కాదు. అందుకని మాస్టరు తన కొడుకు రాబిన్‌ని ఆమెకు జోడీగా పెట్టాడు. రాబిన్ ఆమెకంటే ఒక్క ఏడాది పెద్ద. ఐదేళ్ళు సాయంత్రం పూట గంటన్నర, ఒకరి బంతి ఒకరు కొట్టుకుంటూ పెరిగారు.

ఆ ఏడాది మార్చిలో జిల్లా పోటీలు జరిగాయి. భీమేశ్వరరావు కూతురి ఆట చూడ్డానికి వెళ్ళడం అదే మొదలు. పైవాటాలో ఉండే రామబ్రహ్మంగారు కూడా కాలక్షేపానికి వెంట వచ్చాడు. మిక్స్‌డ్ డబుల్స్ ఫైనల్ నడుస్తోంది. నీహారిక సర్వీసు చెయ్యబోతూ చెయ్యి బల్ల కిందికి పోనిచ్చి రెండు వేళ్ళు చూపించింది. పక్కన నిలబడ్డ రాబిన్ తలూపాడు. మరుసటి సర్వీసుకి ఒక వేలు, ఆ తర్వాత గుప్పిట. రాబిన్ వంతు వచ్చినప్పుడు అతనూ అంతే, బల్ల కింద వేళ్ళు ఆడించడం, ఈ పిల్ల నవ్వి సర్దుకుని నిలబడడం. అవతలి జోడీకి కనపడకుండా, కూర్చున్న తండ్రికి మాత్రం స్పష్టంగా కనపడేలా.

"మీ అమ్మాయీ ఆ కుర్రాడూ మాటలతో పనిలేకుండానే మాట్లాడేసుకుంటున్నారండీ," అన్నాడు రామబ్రహ్మం. ఆయన మెచ్చుకుంటూనే అన్నాడు. భీమేశ్వరరావుకి అది అలా వినపడలేదు.

కప్పు గెలిచి తెచ్చారు. ఆ సాయంత్రం కప్పులో తల్లి కనకలక్ష్మి పటికబెల్లం పోసి చుట్టుపక్కల పంచింది. పంచి వచ్చాక మొగుడు వంటింట్లోకి వచ్చి, చూసిందంతా గొంతు తగ్గించి చెప్పాడు.

"దాన్నే అడగొచ్చు కదండీ," అంది కనకలక్ష్మి.

"అడిగితే లేని ఆలోచన మనమే పుట్టించినట్టవుతుంది. ఆడపిల్లని కొన్ని అడక్కూడదు."

"అడక్కపోతే ఎలా తెలుస్తుంది?"

"తెలిసింది చాల్లే."

మనలాంటి ఇళ్ళలో ఇదొక పద్ధతి. కాలేజీకి టిఫిను పట్టుకెళ్ళావా, రికార్డు రాశావా, తలకి నూనె రాసుకున్నావా అని పొద్దున లేచింది మొదలు పిల్లల్ని అడుగుతూనే ఉంటాం. ప్రాణం తినేస్తున్న ఆ ఒక్క సంగతి మాత్రం అడగం. అనుమానం పెనుభూతం అని పెద్దలన్నారు. ఆ భూతానికి మూడు పూటలా అన్నం పెట్టి పెంచేది మాత్రం ఈ మర్యాదే. ఆ రోజు భీమేశ్వరరావు ఒక్కమాట, "ఏంటమ్మా ఆ వేళ్ళు?" అని అడిగి ఉంటే, పిల్ల పకపకా నవ్వి జవాబు చెప్పేది. తనమీద ఎవరైనా నవ్వడం ఇష్టంలేని మనిషి ఆయన.

సోమవారం నుంచి మూసాపేట వద్దన్నాడు.

"ఎందుకు నాన్నా?"

"చదువు పాడవుతోంది."

"అక్టోబరులో ట్రయల్స్. ఇదే నాకు ఆఖరి ఏడాది."

"ఆట మానమన్లేదు. అక్కడికి వద్దన్నాను."

నీహారిక తల్లి వంక చూసింది. తల్లి బియ్యంలో రాళ్ళ వంక చూసింది. ఎదురుచెప్పే పిల్ల కాదు. రెండోసారి ఎందుకని అడగలేదు. బ్యాటు కవరులో పెట్టి బీరువా మీద పెట్టేసింది. ఇది మరీ అన్యాయం అని ఎవరూ అనలేదు. అన్యాయమే.

రెండు ఆదివారాలు పోయాక మోషే మాస్టరు చర్చి నుంచి నేరుగా వాళ్ళింటికి వచ్చాడు. తెల్ల చొక్కా, చేతిలో బైబిలు. కుర్చీ అంచున కూర్చున్నాడు.

"పాపను ఎందుకు ఆపిండ్రు సార్? మా దిక్కునుంచి తప్పేమన్న అయితే చెప్పుండ్రి."

"అబ్బే, తప్పేముంటుందండీ. చదువు."

"చదువుకు ఒక్క గంట అడ్డమైతదా సార్? ఈసారి నాలుగో నంబర్ల పక్కా ఉంటది. ఈ ఆరు నెల్లు మంచి మనిషితోటి ఆడాలె, అంతే."

"వేరే ఏర్పాటు చేస్తున్నామండీ."

మోషే బైబిలు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. "మేం చర్చోళ్ళమని గిట్ల ఏమన్న..."

"ఛ ఛ! అలాంటి పట్టింపులు మా ఇంట్లో లేవండీ," అన్నాడు భీమేశ్వరరావు.

లేవని ఆయన నిజంగానే నమ్మాడు. మోషే కాఫీ తాగి, గ్లాసు తనే తీసుకెళ్ళి గుమ్మం పక్కన పెట్టి వెళ్ళిపోయాడు. ఆ గ్లాసు అక్కడ ఎందుకు పెట్టాడా అని కనకలక్ష్మి చాలాసేపు బాధపడింది.

వేరే ఏర్పాటు అన్నది ఆ క్షణానికి అబద్ధం. పది రోజుల్లో అది నిజమై కూర్చుంది. భీమేశ్వరరావు అక్కకొడుకు వెంకట్ హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. వాళ్ళ కంపెనీ పెద్దాయన అమెరికా నుంచి వస్తూ బంతులు విసిరే మిషన్ ఒకటి తెచ్చి, ఉద్యోగులు ఆడుకునే గదిలో బల్లకి బిగించాడు. ఆడేవాళ్ళు లేరు. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లలో తేదీలన్నీ తలకిందులవుతాయని లోకమంతా గగ్గోలు పెడుతున్న రోజులవి. ఆ తేదీలు సరిచేసే పనిలో కుర్రాళ్ళు అక్కడే తింటున్నారు, అక్కడే పడుకుంటున్నారు. మిషన్ మీద దుమ్ము పేరుకుంటోంది. పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా మా మావయ్య కూతురు వాడుకుంటుందని వెంకట్ అనుమతి తెచ్చాడు.

మర్నాటి నుంచి తండ్రీకూతుళ్ళ ప్రయాణం మొదలైంది. కాలనీ దాటితే బండరాళ్ళు, తుప్పలు, కంకర లారీలు, సగం వేసిన రోడ్డు. ఆ గుంతల్లో బజాజ్ స్కూటరు మీద అరగంట. చివర్లో అద్దాల మేడ.

మిషన్ అంటే ఒక పెట్టె. దానికో మూతి. అవతలివైపు మనిషి నిలబడాల్సిన చోట వల కట్టి ఉంటుంది. మనం కొట్టిన బంతులు ఆ వలలో పడి దొర్లుకుంటూ మళ్ళీ పెట్టెలోకే పోతాయి. లోపల టక్‌మంటుంది, మూతిలోంచి బంతి వస్తుంది. మళ్ళీ టక్, మళ్ళీ బంతి. వేగానికి ఒక మీట, బంతి ఎంత తిరగాలో దానికొకటి, బంతికీ బంతికీ మధ్య ఎంత ఎడం ఉండాలో దానికొకటి. మూడింటికీ అంకెలున్నాయి. అంకెలు చూడగానే భీమేశ్వరరావు ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్ళూ అర్థంకాని ఆట చివరికి ఆయనకి తెలిసిన భాషలోకి వచ్చింది. మరుసటి రోజే రెండువందల పేజీల నోటుపుస్తకం కొన్నాడు.

మొదటివారం ఫోర్‌హ్యాండ్ ఒక్కటే. వేగం నాలుగు, తిప్పుడు మూడు. వంద బంతుల్లో అరవై రెండు బల్ల మీద పడ్డాయి. మూడోవారానికి ఎనభై ఒకటి. మేలో బ్యాక్‌హ్యాండ్. జూన్‌లో మిషన్ మూతి కుడికీ ఎడమకీ తిరిగే మీట కనిపెట్టాడు. నీహారిక ఆ మూలకీ ఈ మూలకీ కాళ్ళు జరుపుతూ కొట్టేది. ఒళ్ళంతా చెమట. జులైకి వందకి తొంభై ఆరు.

ఇందులో మోసం లేదు. ఆమె దెబ్బ నిజంగా మెరుగుపడింది. మోషే మాస్టరు ఐదేళ్ళు మొత్తుకున్నా కుదరని మోచెయ్యి మిషన్ ముందు కుదిరింది. బరువు కుడికాలి మీంచి ఎడమకాలి మీదికి మారడం, బ్యాటు కనుబొమ దాకా వెళ్ళి ఆగడం, ప్రతిసారీ అచ్చు ఒకేలా. ఎర్రకళ్ళతో కాఫీకి వచ్చిన ఇంజనీర్లు గ్లాసు చేత్తో పట్టుకుని తాగడం మర్చిపోయి చూసేవారు. ఆ చూపులన్నీ తన ఛాతీకే తగిలించుకున్నట్టు కూర్చునేవాడు తండ్రి.

"రాబిన్ అయితే మధ్యలో ఒకటి కావాలనే దొంగబంతి వేసేవాడు నాన్నా. ఇది అస్సలు వెయ్యదు," అంది ఒకరోజు నీళ్ళు తాగుతూ.

"మిషన్ తప్పు చెయ్యదమ్మా. దాని గొప్పే అది."

"ఆడుతున్నట్టుండదు. పని చేస్తున్నట్టుంటుంది."

"పనేగా మరి," అని ఆయన ఎడం తగ్గించాడు. టక్‌మంది.

తర్వాత తర్వాత ఆ మాట కూడా అనడం మానేసింది. వచ్చేది, నిలబడేది, కొట్టేది. ఇంట్లో కూడా మాటలు తగ్గాయి. చదువుకుంటోందిలే అనుకున్నారు.

ఆగస్టులో ఒక శనివారం, వెంకట్ తన స్నేహితులతో వచ్చి, "మావయ్యా, ఒక్క అరగంట మేం ఆడుకుంటాం," అని మిషన్ పక్కకి తీశాడు. ఇద్దరిద్దరు జోడీ. నీహారిక మొహం కడుక్కోవడానికి వెళ్ళింది. భీమేశ్వరరావు కుర్చీలో కూర్చుని చూస్తున్నాడు. వెంకట్ సర్వీసుకి నిలబడి చెయ్యి బల్ల కిందికి పోనిచ్చాడు. రెండు వేళ్ళు చూపించాడు. అతని జోడీ, మీసాలూ బొజ్జా ఉన్న రంగనాథ్, తలూపాడు.

భీమేశ్వరరావు లేచి నిలబడ్డాడు. "ఏంట్రా ఆ వేళ్ళు?"

"సర్వీసు మావయ్యా. బంతి ఎటు తిప్పబోతున్నానో పార్ట్‌నర్‌కి చెప్పొద్దూ? ఒకటంటే ఇటు, రెండంటే అటు. డబుల్స్‌లో అందరూ చేసేదే."

ఆయన మళ్ళీ కూర్చున్నాడు. ఆ పోటీలు, ఆ నవ్వు, కప్పులో పటికబెల్లం, గుమ్మం పక్కన కాఫీ గ్లాసు, అన్నీ ఒక్కసారిగా కళ్ళముందు తిరిగాయి. సిగ్గేసింది. నిజంగానే సిగ్గేసింది, అది ఆయన గుండెకి తెలుసు.

ట్రయల్స్‌కి ఇంకా రెండు నెలలున్నాయి. ఆ సాయంత్రమే మూసాపేట వెళ్ళి, "మాస్టారూ, పొరపాటు పడ్డాను," అని ఉంటే ఆ మనిషి సగం మాట కూడా చెప్పనిచ్చేవాడు కాదు, పిల్లని రేపట్నుంచే పంపమనేవాడు. కానీ ఏం పొరపాటు అని అడిగితే? అడిగితే ఏం చెప్పాలి? నా కూతుర్ని అనుమానించాననా, మీ కొడుకుని అనుమానించాననా? పైగా మిషన్ దగ్గర పిల్ల వందకి తొంభై ఆరు కొడుతోంది, అక్కడ ఎవరైనా లెక్కపెట్టారా? తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అన్నట్టు, ఇంటికి వెళ్ళేలోపల ఆయన తన మనసుకి సర్దిచెప్పేసుకున్నాడు. భార్యకి కూడా చెప్పలేదు.

అక్టోబరు వచ్చింది. నగరంలోని ఇండోర్ స్టేడియంలో రెండు రోజుల ట్రయల్స్. ఎనిమిది మంది అమ్మాయిలు, ప్రతివాళ్ళూ మిగతా అందరితోనూ ఆడాలి. నీహారిక ఫోర్‌హ్యాండ్ చూసి మొదటిరోజే అందరూ గుసగుసలాడుకున్నారు. వేగంగా కొట్టేవాళ్ళు ఆమె ముందు నిలవలేదు. ఆమెకి అలవాటైన బంతులే వాళ్ళు పంపారు, ఆమె తిప్పి కొట్టింది. రెండోరోజు మధ్యాహ్నానికి ముగ్గురి చోట్లు ఖాయమైపోయాయి. నాలుగో చోటుకి ఇద్దరు మిగిలారు. నీహారిక, రాజమండ్రి నుంచి వచ్చిన బాలాత్రిపురసుందరి. ఎవరు గెలిస్తే వాళ్ళు జట్టులో ఉంటారు.

సుందరి కళ్ళజోడు పెట్టుకున్న బక్కపలచటి పిల్ల. ఆటలో అందం లేదు. చేటతో బియ్యం చెరుగుతున్నట్టు కొడుతుంది. చూసేవాళ్ళకి నవ్వొస్తుంది.

ఆటగాళ్ళకి విరామంలో సలహా చెప్పడానికి ఒకే ఒక్క మనిషి కూర్చోవాలని నియమం. ఆ మనిషి పేరు అంపైరు ముందుగానే రాసుకుంటాడు, మరొకరు నోరు విప్పకూడదు. నీహారిక తరఫున కుర్చీలో కూర్చున్నది భీమేశ్వరరావు. ఒళ్ళో నోటుపుస్తకం.

మొదటి గేమ్ ఇరవై ఒకటి, పదిహేను. నీహారిక గెలిచింది. రెండో గేమ్‌లో సుందరి ఏం చేసిందో ఎవరికీ అర్థం కాలేదు. ఒక బంతి జోరుగా వచ్చేది, తర్వాతది ప్రాణంలేనట్టు తేలుతూ వచ్చేది, మూడోది బల్ల మీద పడి పక్కకి మెలికపడేది. చెయ్యి ఊపడం చూస్తే మూడూ ఒకేలా ఉన్నాయి, చివర్లో మణికట్టులో మాత్రం చిన్న తేడా. నీహారిక దెబ్బ ఎప్పటిలాగే అందంగా ఉంది. కానీ రవ్వంత ఆలస్యం. నెట్టులోకి పోయింది, బల్ల దాటిపోయింది, అంచు తాకి ఎగిరిపోయింది. ఇరవై ఒకటి, పదకొండు. సుందరి గెలిచింది. చెరొకటి అయ్యాయి. చివరి గేమ్‌కి ముందు రెండు నిమిషాల విరామం.

నీహారిక అవతలి పక్కన తన సంచి దగ్గర తువ్వాలు తీసుకుంటోంది. ఆ సందులో భీమేశ్వరరావు కుర్చీ వెనక, అడ్డుగా పెట్టిన చెక్కల మీదికి వంగి ఎవరో పిలిచారు.

"అంకుల్. ఒక్క మాట."

రాబిన్. అబ్బాయిల ట్రయల్స్‌కి వచ్చిన షెడ్డు పిల్లలకి ప్రాక్టీసు ఇస్తున్నట్టున్నాడు, మెడలో తువ్వాలు, ఆయాసం.

"నీహారిక కొట్టుడుల తప్పేం లేదు అంకుల్, మస్తు కొడుతుంది. కానీ చప్పుడు కోసం ఆగుతుంది. సుందరి బ్యాటుకు బంతి తగిలిన చప్పుడైనంకనే కదులుతుంది. మిషన్‌తోని ఆడుతుందని ఇన్న, దాంట్ల గట్లనే కదా, టక్ అంటది, బంతొస్తది. మనిషి దగ్గర చప్పుడు దాక ఆగితే లేటే. సుందరి మణికట్టు చూడమనుండ్రి, చప్పుడు ఇడిచిపెట్టమనుండ్రి. అంతే."

భీమేశ్వరరావు ఒళ్ళో నోటుపుస్తకం మూశాడు.

"కొత్తది నేర్చుకునేదేం లేదు. ఐదేండ్లు నా చెయ్యి చూసుకుంటనే ఆడింది, తనకు వచ్చు. యాదికి తెస్తే చాలు. నా పేరు చెప్పకుండ్రి అంకుల్, మీరే చెప్పినట్టు చెప్పుండ్రి."

చెప్పేసి ఆ అబ్బాయి వెనక్కి వెళ్ళిపోయాడు.

ఆయనకి అంతా అర్థమైంది. మీటరు రొద విని లోపం పట్టే మనిషి, ఆర్నెల్లు ఆ టక్‌టక్ పక్కనే కూర్చున్న మనిషి, అర్థం కాకుండా ఎలా ఉంటుంది? రాబిన్ చెప్పింది అక్షరాలా నిజం. వంద బంతులకి తొంభై ఆరు కొట్టించిన ఆ పెట్టె పిల్లకి దెబ్బ నేర్పి, కళ్ళు లాగేసుకుంది. ఆ పెట్టె ముందు ఆమెని నిలబెట్టింది తను. రెండు చిన్న మాటలు చెబితే చాలు. చప్పుడు వినకు, మణికట్టు చూడు.

కానీ ఐదేళ్ళు నా చెయ్యి చూసుకుంటూనే ఆడింది అన్న మాట ముల్లులా గుచ్చుకుంది. ఆ కుర్రాడిది తప్పు లేదని ఆగస్టులోనే తెలుసు. తెలిసినా గుచ్చుకుంది. ఆర్నెల్లు తెల్లారకుండా లేచి, గుంతల్లో స్కూటరు తోలి, రెండువందల పేజీలు నింపిన తనకి కనపడనిది, దూరాన నిలబడ్డ ఈ మోషే కొడుక్కి ఒక్క గేమ్‌లో కనపడిందా? ఇప్పుడా మాట తన నోటితో చెప్పాలా?

నీహారిక వచ్చి ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది. మొహం ఎర్రగా ఉంది. వెళ్ళిపోతున్న రాబిన్ వీపు చూసింది కానీ దాని గురించి అడగలేదు. వేరే అడిగింది.

"ఎందుకో లేటైపోతున్నా నాన్నా. ఎందుకో తెలీట్లేదు. నీకేమైనా కనపడుతోందా?"

ఇంకా ఒక నిమిషం ఉంది.

"కంగారు పడుతున్నావమ్మా, ఇంకేం లేదు," అన్నాడు భీమేశ్వరరావు. "మనం రోజూ కొట్టేదే కొట్టు. కాస్త గట్టిగా కొట్టు."

పిల్ల బుద్ధిగా తలూపింది. లేచి వెళ్ళింది. గట్టిగానే కొట్టింది పాపం. ఎంత గట్టిగా కొడితే అంత దూరం పోయాయి బంతులు. ఆరు, పది. పన్నెండు, పదిహేడు. ఇప్పుడు లేచి అరుద్దామా అనుకున్నాడు. ఆట నడుస్తుండగా సలహా చెప్పకూడదు, అంపైరు హెచ్చరిస్తాడు. నియమం ఉందిగా అని ఆయనకి ప్రాణం కుదుటపడింది. అలా కుదుటపడినందుకు ఆ మనిషిని ఏమనాలో నాకు తెలీదు.

ఓటమి దగ్గరపడ్డాక నీహారిక పంతం పట్టింది. కిందపడి లేచి, మోచెయ్యి దోక్కుపోయినా చూసుకోకుండా ఒక్కొక్క పాయింటూ లాక్కొచ్చింది. పద్దెనిమిది, పందొమ్మిది దాకా వచ్చింది. గ్యాలరీలో చప్పట్లు. సుందరి కళ్ళజోడు తుడుచుకుని, ఒక తేలుడు బంతి పంపింది. నీహారిక చప్పుడు కోసం ఆగింది. ఇప్పుడు తండ్రికి కూడా ఆ ఆగడం కనపడింది, పట్టపగల్లా కనపడింది. బంతి నెట్టులో పడింది. ఆ తర్వాతిదీ అంతే.

ఇరవై ఒకటి, పద్దెనిమిది. అసోసియేషన్ కార్యదర్శి నాలుగు పేర్లు చదివాడు. నాలుగోది బాలాత్రిపురసుందరి. నీహారిక అందరితో పాటు చప్పట్లు కొట్టి, వెళ్ళి ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఊపింది. గ్యాలరీ మెట్ల దగ్గర రాబిన్ నిలబడి ఉన్నాడు. ఆమె అటు రెండడుగులు వేసింది.

"వానొచ్చేలా ఉంది, పదమ్మా," అన్నాడు తండ్రి.

స్కూటరు ఎర్రగడ్డ దాటింది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు వెనకనుంచి అడిగింది.

"రాబిన్ ఏం చెప్పాడు నాన్నా?"

"ఏముంది. ఆల్ ద బెస్ట్ చెప్పాడు."

"అంతేనా?"

"అంతే."

పచ్చలైటు పడింది. మూసాపేట వచ్చింది, పోయింది. ఆమె మెడ తిప్పి చర్చి వైపు చూసిందో లేదో ఆయనకి తెలియదు. అద్దంలో చూసే ధైర్యం లేకపోయింది.

"వాడికైనా కనపడుంటుందేమో అనుకున్నా," అంది. గొంతు మామూలుగానే ఉంది, ఏడుపు లేదు. "వాడికీ కనపళ్ళేదంటే ఇంక నా చేతిలోనే ఏదో ఉంది. నువ్వేం తక్కువ చెయ్యలేదు నాన్నా. ఆర్నెల్లు నాకోసం నిద్ర కూడా మానుకున్నావు. ఇంకొకళ్ళ నాన్న అయితే ఇంత చెయ్యరు."

భీమేశ్వరరావు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రోడ్డు మసకబడింది. స్కూటరు పక్కకి తీసి, బండి స్టాండు వేసి, ఇదమ్మా సంగతి అని మార్చి నుంచి మొదలుపెట్టి అన్నీ చెప్పెయ్యాలనిపించింది. చెబితే ఈ మాట అన్న నోటితోనే ఇంకేమంటుందో. మళ్ళీ ఎప్పుడైనా ఇలా నాన్నా అంటుందో అనదో.

"సీనియర్స్ ట్రయల్స్ ఉంటాయి కదా," అంది నీహారిక. "రేపట్నుంచే మొదలెట్టేద్దాం. మిషన్ దగ్గర రెండు గంటలు చాలవు నాన్నా, మూడు గంటలకి వెంకట్ బావని అడుగు. వందకి వంద కొట్టేదాకా ఇంకెవరితోనూ ఆడను."

"సరేనమ్మా," అన్నాడు.

చెప్పడానికి ఇంటిదాకా ఇంకా పది నిమిషాల దారి ఉంది. ఆయన చెప్పలేదు.